అన్నీ ఎడమ మలుపులే: నాగావళి గట్ల మీద మూడు రోజులు

నేను శ్రీకాకుళంలో బయల్దేరి శ్రీకాకుళం వెళ్ళాను. మధ్యలో మూడు రోజులు పట్టింది. దారిలో అడిగిన ప్రతివాళ్ళకీ ఇదే ముక్క చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. ఒకాయన మాత్రం నా వంక జాలిగా చూసి, "బస్సు తప్పిపోనాదేటి బాబూ?" అని అడిగాడు.

కాశీకో రామేశ్వరానికో వెళ్ళొచ్చినవాళ్ళు యాత్రల గురించి రాస్తారు. నేను వెళ్ళింది నాగావళి ఎడమగట్టున పైకి, కుడిగట్టున కిందకి. అదీ సైకిలు మీద. దీన్ని యాత్ర అనడానికి నాకున్న హక్కల్లా ఒకటే. ఆ మూడు రోజుల్లో నేను దేవుణ్ణి తలుచుకున్నన్నిసార్లు కాశీ వెళ్ళినవాళ్ళు కూడా తలుచుకుని ఉండరు.

సంగతేమిటంటే నాకు సైకిలు రాదు. మాది గోదావరి వైపు. ఉద్యోగం కోసం శ్రీకాకుళం వచ్చి ఆరేళ్ళయింది. ఒక ఆఫీసులో గుమాస్తాని. కిందటేడు పైఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నప్పుడు ఫారంలో "సైకిలు తొక్కుట వచ్చునా?" అని ఒక గడి ఉంది. పక్కసీటు ఆయన "వచ్చును" అని రాశాడు. నేనూ "వచ్చును" అని రాశాను. ఉద్యోగం నాకు వచ్చింది. నెలకి ముప్పై పల్లెలు తిరగాలి. వాటిలో సగానికి పైగా ఊళ్ళకి బస్సు లేదు. వచ్చే నెల ఒకటో తారీఖున చేరాలి. చేరకపోతే ఆ కాగితం పక్కసీటు ఆయన బల్ల మీదికి జరుగుతుంది. నాకు నలుగురు పిల్లలు. వయసు నలభై ఒకటి. మళ్ళీ అలాంటి కాగితం నా దాకా రాదు.

ఇక్కడే బజారులో మా బావకి సైకిళ్ళ షాపు ఉంది. మా అక్కయ్యను ఈ ఊరే ఇచ్చారు. బావ పేరు అప్పన్న. యాభై దాటినా చేతులు వదిలేసి సైకిలు తొక్కుతాడు, తొక్కుతూ పాట పాడతాడు. నా కష్టం విని, "ఓస్ ఇంతేనా! మూడు వారాల్లో నిన్ను సర్కస్‌లో ఎట్టేస్తాను సూడు" అన్నాడు.

మూడు వారాలయ్యేసరికి నాకు మూడు పనులు వచ్చాయి: ఎత్తయిన రాయి మీద కాలు ఆన్చి ఎక్కడం, తిన్నగా పోవడం, ఎడమకి తిరగడం. రానివి రెండు. కుడికి తిరగడం, దిగడం. కుడికి తిరగాలనుకోగానే నా చేతులు కర్రల్లా బిగుసుకుపోయేవి. సైకిలు తిన్నగానే పోయి ఎదురుగా ఏది ఉంటే దాన్ని గుద్దేది. ఆ మూడు వారాల్లో నేను ఒక కిళ్ళీకొట్టునీ, ఒక కుండల బండినీ, మా పెద్దాడి లెక్కల మాస్టారినీ గుద్దాను. ఇక దిగడం అంటే, బావ ముందు వెళ్ళి దిగి, దారికి అడ్డంగా నిలబడి, వస్తున్న నా హేండిలు రెండు చేతులతో పట్టుకుని ఆపేవాడు.

బావ బాగా ఆలోచించి ఒక ఉపాయం చెప్పాడు.

"ఒరే సత్తెం! రోడ్డు మీద నిన్నొదిల్తే నీకు ఆస్పత్రి, లారీవోడికి జైలు. నదిగట్టు మీద లారీ నేదు, బస్సు నేదు. ఎడంగట్టున పైకెల్దాం. ఆనకట్ట మీద ఎడంకి తిరుగుదాం. అవతలికెల్లి మళ్ళీ ఎడంకి తిరిగి కుడిగట్టున కిందకొద్దాం. వంతెన మీద ఎడంకి తిరిగితే ఊళ్ళోకొచ్చేస్తాం. మూడు రోజులు. కుడికి తిరిగే పనే నేదు. గాలీ ఎలుతురూ తగిల్తే దిగడం దానంతటదే వస్తాది."

మాఘమాసం. ఏట్లో నీళ్ళు తగ్గి ఇసుక తేలింది. నాలుగు రోజులు సెలవు పెట్టాను. కారణం అన్నచోట "స్వంత పని" అని రాశాను.

గట్టు ఎక్కడం

మా ఆవిడ కామేశ్వరి వీధి అరుగు దాకా వచ్చింది. నేను అరుగు మీద కాలు ఆన్చి ఎక్కుతుంటే కళ్ళు మూసుకుంది. నేను బయల్దేరాక తెరిచిందో లేదో తెలీదు, నేను వెనక్కి తిరిగి చూడలేను కదా.

ఊరి చివర గట్టు మీద తెల్లవారేసరికి జనం ఉంటారని నాకు తెలీదు. మొహాలు కడిగేవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు, గేదెలు తోలేవాళ్ళు. వాళ్ళందరికీ నేను గంట కొట్టాను. మనుషులు తప్పుకున్నారు. పిడకలు తప్పుకోలేదు. గట్టు పొడుగునా ఆడవాళ్ళు పిడకలు ఎండేశారు, ఒక్క మనిషి నడిచేంత దారి వదిలి. ఆ దారిలోనే పోదామని దాన్నే చూస్తూ తొక్కాను. కాని సైకిలు దారి వంక కాక పిడకల వంక పోయింది. పదీ ఇరవై కాదు, ఒక ఇంటికి నెల్లాళ్ళ వంటచెరకు.

వెనకనించి ఒక ఆడమనిషి గొంతు. "ఓలమ్మో! ఆగవేటయ్యా! కళ్ళు నేవా?"

"ఆగడం రాదమ్మా!" అని అరిచాను.

ఆవిడ వెంటనే కోపం మరిచిపోయింది. చుట్టుపక్కల వాళ్ళని పిలిచి, "ఇటు రండ్రా, ఇటు రండి! ఆగడం రాదట!" అని చూపించింది. ఒక మైలు దాకా నన్ను చూడడానికి జనం గట్టు ఎక్కుతూనే ఉన్నారు. బావ నా వెనక తొక్కుతూ అందరికీ నమస్కారాలు పెడుతున్నాడు, తనే ఏదో ఊరేగింపు నడిపిస్తున్నట్టు.

గేదెలతో పేచీ వేరు. మనిషి గంట వింటే అటో ఇటో తప్పుకుంటాడు. గేదె గంట వింటే ఆగి, తల తిప్పి, గంట కొట్టినవాణ్ణి చూస్తుంది. ఒక గేదె అలాగే చూసింది. నేను దాని నడుం మీద చేతులు వేసి ఆగిపోయాను. అది కదల్లేదు. నేనూ కదల్లేదు. బావ వచ్చి మమ్మల్నిద్దర్నీ విడదీశాడు.

బెల్లం వండేచోట

మధ్యాహ్నానికి చెరకు తోటల మధ్యకి వచ్చాం. గట్టు దిగువన బెల్లం వండుతున్నారు. పెద్ద పెనంలో చెరకురసం మరుగుతోంది. ఆ వాసన అరమైలు నించే వస్తోంది. పక్కనే ఎండిన చెరకుపిప్పి కుప్ప, మేడంత ఎత్తు.

"ఒరే, ఆ కుప్పలోకి పోనియ్యి!" అని బావ అరిచాడు.

పోనిచ్చాను. అంత మెత్తగా నేను ఎప్పుడూ ఆగలేదు. సైకిలూ నేనూ లోపలికి వెళ్ళిపోయాం. బయట మాటలు వినిపిస్తున్నాయి. "ఎవులో కుప్పలోకెల్లిపోనారు." "ఎవులు?" "ఏమో, సైకిలు మీదొచ్చినాడు."

నన్ను లాగి బయట కూర్చోబెట్టారు. బెల్లం వండే రైతు తలకి కట్టుకున్న తువ్వాలుతో నా మొహం తుడిచి, ఎక్కడికని అడిగాడు. శ్రీకాకుళం అన్నాను. ఎక్కణ్ణించి అన్నాడు. శ్రీకాకుళం నించి అన్నాను. ఆయన తువ్వాలు దులిపి మళ్ళీ తలకి చుట్టుకుంటూ, "అక్కడే ఉండిపోతే ఏటయ్యేది?" అన్నాడు.

వాళ్ళు పెట్టిన తిండికి మాత్రం నాకు ఈరోజుకీ కృతజ్ఞత ఉంది. అరిటాకు మీద వేడి బెల్లం పోసి, దాంట్లో కొబ్బరిముక్కలు గుచ్చి ఇచ్చారు. వేళ్ళు కాలుతున్నా ఆపలేం. మా గోదావరి వైపు కూడా బెల్లం వండుతారు. కాని అక్కడ బెల్లం తీపికోసం. ఇక్కడ బెల్లం అన్నిట్లోకీ. ఆనపకాయ పులుసులో బెల్లం, గుమ్మడికాయలో బెల్లం, చివరికి చింతపండు చారులో కూడా. వచ్చిన కొత్తలో నేను మా ఆవిడతో, ఈ ఊళ్ళో భోజనం చేశాక మళ్ళీ మిఠాయి ఎందుకే అనేవాణ్ణి. ఇప్పుడు మా ఇంట్లోనూ పులుసులో బెల్లం పడకపోతే పిల్లలు కంచం తోసేస్తారు.

రేవు దగ్గర ఒక పాకలో టీ తాగాం. గ్లాసు పదిపైసలు. పట్నంలో పదిహేను. ఆ అయిదుపైసల తేడా పాలల్లో కనిపించింది.

ఎర్ర త్రికోణం

సాయంత్రం ఎండ తగ్గుతుండగా ఒక పల్లె చేరాం. ఆ రాత్రికి అక్కడ ఆగుదామని బావ అన్నాడు. ఊరి మొదట నలుగురు మగవాళ్ళు తాడు పేనుకుంటూ కూర్చున్నారు. నన్ను చూశారు. తాడు వదిలేసి లేచారు. ఊళ్ళోకి పరుగెత్తారు. మేం వీధిలోకి వచ్చేసరికి ఒక్క మగవాడు లేడు. ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి పైటకొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

రచ్చబండ మీద ఒక ముసలాయన మాత్రం కదలకుండా చుట్ట కాలుస్తున్నాడు. బావ దిగి నా హేండిలు పట్టుకుని ఆపాడు.

"ఏటి తాతా, మీ ఊరోళ్ళు అలగ పారిపోనారు?"

"సెరుకుతోటలో దాక్కున్నారు" అన్నాడు తాత. నా సైకిలుకి వేలాడుతున్న సంచీ వంక చుట్టతో చూపించాడు. "పోయిన నెల ఇలాటి సంచీ ఏసుకునే ఒకాయనొచ్చినాడు. ఇద్దర్ని ఆపరేసనుకి తోలుకుపోనాడు. నాకేటి బయ్యం? పన్నెండుమందిని కన్నాను. ఇంక నా దగ్గర కొయ్యడానికేటున్నాది?"

సంచీ చూశాను. ఇంట్లో గట్టిది అదొక్కటే దొరికిందని కామేశ్వరి అందులో బట్టలు సర్దింది. ఎక్కడో ఊరికే పంచిపెట్టిన సంచీ. దాని మీద తల్లకిందులు ఎర్ర త్రికోణం, దాని పైన నవ్వుతున్న నాలుగు మొహాలు. గోడల మీద రోజూ చూసే కుటుంబ నియంత్రణ బొమ్మే. ఆ బొమ్మ వేసుకుని పొద్దుటినించీ గంట కొడుతూ ఆగకుండా ఇన్ని పల్లెల్లోంచి వచ్చానన్నమాట! మధ్యాహ్నం రెండుచోట్ల పొలాల్లో ఎవరూ కనపడకపోవడానికి కారణం అప్పుడర్థమైంది.

బావ నేల మీద కూలబడి నవ్వాడు. తాత చెరకుతోట వైపు తిరిగి, "ఓరొరే! కొయ్యడానికొచ్చినోళ్ళు కారట! ఆగడం రానోళ్ళట! వచ్చీయండి!" అని కేకేశాడు. ఒక్కొక్కడే తోటలోంచి బయటికొచ్చాడు. ముందు వచ్చినవాడు నాకు నలుగురు పిల్లలని తెలిసేదాకా నమ్మలేదు.

భయపెట్టినందుకు నేను క్షమాపణ చెప్పబోతే, పారిపోయినందుకు వాళ్ళే సిగ్గుపడి మమ్మల్ని పోటీపడి భోజనానికి పిలిచారు. మూడిళ్ళల్లో తిన్నాం. రాగిని ఇక్కడ చోడి అంటారు, ఆ పిండి అంబలి, ఉల్లిపాయ, నువ్వుల పచ్చడి, మళ్ళీ బెల్లం వేసిన పులుసు. మా వైపు అంబలి అంటే జ్వరం వచ్చినవాడికి ఇచ్చేది. ఇక్కడ పొలం వెళ్ళేవాడు ముంతెడు తాగి బయల్దేరతాడు. నేనూ మర్నాడు పొద్దున్న ముంతెడు తాగి బయల్దేరాను. సంచీని లోపలిది బయటికి తిప్పాను.

ఆనకట్ట మీద

రెండో రోజు ఆనకట్ట. యాత్రలో మొదటి మలుపు, ఎడమకే. బావ ముందురోజునించీ దాని గురించి నాకు ధైర్యం చెబుతూ వచ్చాడు. తీరా వెళితే అక్కడ కాలవ కాపలా లస్కరు మమ్మల్ని ఆపాడు.

"సైకిలు తొక్కుకుని ఎల్లడానికి నేదు."

"నడిపించుకెళ్తాం" అన్నాను.

"నడిపించడానికీ నేదు. సక్రం తగలకూడదు. బోర్డు మీద రాసున్నాది."

బోర్డు మీద రంగు వెలిసిపోయి "కూడదు" అన్న ఒక్క మాటే మిగిలింది. ఏం కూడదో లస్కరుకే తెలియాలి.

"మరెలా వెళ్ళాలి?"

ఆయన కొంచెం ఆలోచించాడు. "మోసుకెల్లకూడదని ఎవులూ సెప్పనేదు."

బావ తన సైకిలు భుజానికెత్తుకున్నాడు. నేను నాది ఎత్తలేకపోయాను. లస్కరు చూసి చూసి, కర్ర కింద పెట్టి, నా సైకిలు తలమీద పెట్టుకున్నాడు. అలా ముగ్గురం ఆనకట్ట దాటాం. ముందు బావ, మధ్య లస్కరు, వెనక నేను సంచీతో. అవతల దించాక ఆయన రొప్పుతూ, "ఇంతకీ మీరు ఏ ఊరెల్తన్నారు?" అన్నాడు. బావ నా నోరు మూసి, "పొందూరు" అన్నాడు.

వాలుగ చేప దవడ

కుడివైపు కాలవగట్టు చక్కగా ఉంది. నీడ ఉంది, దారి వెడల్పుగా ఉంది, నేను ఒక గంటసేపు ఏమీ గుద్దలేదు. అందుకే కాబోలు, పంచె వెళ్ళి చెయినులో ఇరుక్కుంది. పొందూరు ఇంకా రెండు మైళ్ళుండగా, ఒక చిన్న ఊళ్ళో, ఒక ఇంటి ముందు పడ్డాను. పంచె మూరెడు చిరిగింది.

ఆ ఇంటి వసారాలో ఒక పెద్దావిడ రాట్నం వడుకుతోంది. పేరు సన్నెమ్మ. నేను పడ్డానని లేవలేదు, రాట్నం కూడా ఆపలేదు.

"ఆ పంచె ఇటియ్యి. కుట్టేస్తాను."

"ఇచ్చేస్తే నేనేం కట్టుకోను?"

"గోనెసంచీ ఉన్నాది."

గోనెసంచీ చుట్టుకుని ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ నా పంచె వేళ్ళతో నలిపి చూసి, "మరపంచె" అంది, మనవాడు పరీక్ష తప్పాడని విన్నట్టు. కుట్టడం మొదలుపెట్టేముందు పక్కనున్న పత్తిబుట్టలోంచి పళ్ళున్న చిన్న ఎముకముక్క తీసి నా చేతిలో పెట్టింది.

"ఇదేటో సెప్పు సూద్దాం."

"దువ్వెన."

"దువ్వెనే. వాలుగ సేప దవడ. దీంతోనే పత్తి ఏకుతాం. ఇంత సన్నం పళ్ళు మనిసి సెయ్యలేడు."

నేను దాన్ని తిప్పి తిప్పి చూశాను. పొందూరు ఖద్దరు ఎంత సన్నమో అందరికీ తెలుసు, నేనూ మా నాన్నగారికి ఒక పంచె కొని పంపాను. ఆయన నియమనిష్ఠలున్న మనిషి. చేప పేరు వింటే చెవులు మూసుకుంటారు. దేవతార్చనకి ఆ పంచే కట్టుకుంటున్నారు.

"ఖద్దరు కట్టే శాకాహారులకి ఈ సంగతి తెలుసా అమ్మా?" అన్నాను.

"తెలిస్తే ఏటవుతాది? తినమన్నానా? కట్టుకోమన్నాను గాని."

పంచె తిరిగి ఇచ్చింది. కుట్టు ఎక్కడ పడిందో వెతికినా కనిపించలేదు. డబ్బులిస్తానంటే కసిరింది. బావ ఆవిడ రాట్నానికి నూనె వేసి, వదులైన చీల బిగించాడు. దానికి మాత్రం ఆవిడ సంతోషించి ఇద్దరికీ కాల్చిన చిలగడదుంపలు ఇచ్చింది. మా నాన్నగారికి ఆ ఎముక సంగతి నేను ఇంతవరకు రాయలేదు. ఈ కథనం కూడా ఆయన కంట పడకుండా చూడాలి.

బాతులు

మూడో రోజు పొద్దున బావ మంచి హుషారుగా ఉన్నాడు. నేను ముందురోజునించీ ఒక్కసారే పడ్డానని, ఇక నాకు కొత్తవి నేర్పించాలని మొదలుపెట్టాడు. "ఇటు సూడ్రా సత్తెం! సేతులు ఇలగొదిలీ, ఇలగ నవ్వుతూ..." అని చేతులు రెండూ చాపి, వెనక్కి తిరిగి నా వంక చూసి నవ్వాడు.

గట్టుకింది నించి బాతులు ఎక్కాయి. ఓ నూరుంటాయి. బావ చూళ్ళేదు. నేను చూశాను, చెబుదామనుకున్నాను. కాని ఎదురుగా ఏదైనా అడ్డొచ్చినప్పుడు నాకు తొక్కడమో మాట్లాడడమో ఏదో ఒకటే చేతనవుతుంది. బావ బాతుల మధ్యలోంచి ఎగిరి పడ్డాడు. బాతులన్నీ క్షేమం. బావ ముందుచక్రం ఎనిమిది అంకెలా వంకర తిరిగింది. కుడికాలి మడమ గుమ్మడికాయలా పొంగింది. నేను ఒక అరటిబోదె వాటేసుకుని ఆగాను.

"ఇరవయ్యేళ్ళనించి పడనేదురా నాను" అన్నాడు బావ, నేలమీద కూర్చుని. కాలు నొప్పికంటే ఆ సంగతే ఎక్కువ బాధ పెట్టింది.

పక్కనే పదిళ్ళున్న చిన్న పల్లె. బావ చెయ్యి భుజం మీద వేసుకుని, రెండో చేత్తో నా సైకిలు తోసుకుంటూ, అతన్ని మొదటి ఇంటి ముందుకి నడిపించాను. పసుపూ ఉప్పూ అడుగుదామనుకున్నాను. లోపలినించి ఒక ఆడపిల్ల మూలుగు వినిపించింది. ఆ వెంటనే కేక.

నడివయసావిడ ఒకామె బయటికి పరుగెత్తుకొచ్చి మమ్మల్నీ, నా సైకిలునీ చూసింది. బావ కాలు చూడనే లేదు.

"బాబూ, నీకు సైకిలున్నాది. మా కోడలికి నొప్పులొచ్చీసినాయి. ఇంకా పదిరోజులుందనుకున్నాం. మగోళ్ళందరూ సంతకెల్లిపోనారు. గట్టంట తిన్నగెల్తే రెండు మైళ్ళు, గౌరమ్మని మంత్రసాని ఉన్నాది. తీసుకొచ్చీ బాబూ. తొలికానుపు. నాకు సేతులాడ్డం నేదు."

నేను బావ వంక చూశాను. బావ తన కాలు వంక చూసుకున్నాడు. లోపల ఆ పిల్ల మళ్ళీ కేకేసింది. మా కామేశ్వరికి తొలికానుపప్పుడు నేను ఆస్పత్రి వసారాలో కూర్చుని ఆ కేకలే విన్నాను. అప్పుడు లోపల డాక్టరమ్మ ఉంది. ఇక్కడ ఈ అత్తగారు తప్ప ఎవరూ లేరు.

"ఒరే, ఆ వాకిట్లో పొత్రం రాయి మీద కాలెట్టి ఎక్కీ" అన్నాడు బావ. అతని గొంతులో నవ్వు లేదు.

ఎక్కాను.

గౌరమ్మ

ఆ రెండు మైళ్ళు ఎలా తొక్కానో చెప్పలేను. తిన్నటి దారి. ముందుచక్రం మీద నించి చూపు తియ్యలేదు. దారి పొడుగునా నాకు ఒకటే చింత. వెళ్ళడం సరే, ఆగడం ఎలా? ఆగితే మళ్ళీ ఎక్కడం ఎలా? పడి నాకో సైకిలుకో ఏదైనా అయితే ఆ పిల్ల సంగతేమిటి?

ఎడమవైపు, గట్టుకీ ఏటికీ మధ్య, నాలుగు పాకలూ, వాటి ముందు శుభ్రంగా అలికిన పెద్ద కళ్ళమూ కనిపించాయి. ఎడమకి తిరిగి సైకిలు మీదే కళ్ళంలోకి దిగాను. దిగాక నాకు ఆ క్షణాన తోచింది ఒక్కటే. ఎడమకే తిరుగుతూ ఉంటే ఆగక్కర్లేదు. కళ్ళం చుట్టూ తిరగడం మొదలుపెట్టాను.

"గౌరమ్మగారెవరండీ! మంత్రసాని గౌరమ్మగారు!"

దిట్టమైన మనిషి, అరవై ఏళ్ళుంటాయి, చేట చేత్తో పట్టుకుని పాకలోంచి బయటికొచ్చింది.

"నానే. ఏటి సంగతి?"

"పై పల్లెలో," అని ఆవిడ ముందునించి వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేసరికి, "ఎవులికి?" అంది. "మొదటింటి కోడలికి," అంటూ మళ్ళీ దాటిపోయాను. ఇంకో చుట్టులో, "నొప్పులు ఎప్పట్నించి?" అంది. "పొద్దుట్నించి! తొలికానుపు!"

ఆవిడ చేట పారేసి లోపలికెళ్ళి గుడ్డమూట తెచ్చుకుంది. "ఆగు, ఎక్కుతాను."

"ఆగితే పడిపోతానమ్మా!"

ఆవిడ ఒక్క చుట్టు నన్ను చూసింది. అంతకంటే ఎక్కువ ఆలోచించలేదు.

"అయితే ఆగొద్దు" అంది. చీర గోచీ పోసి బిగించింది. మూట మెళ్ళో వేసుకుంది. నేను ముందునించి వెళ్తుండగా నాలుగడుగులు నా పక్కనే పరుగెత్తి, రెండు చేతులూ నా నడుముకి చుట్టి, వెనక కేరియరు మీదికి ఎగిరి కూర్చుంది. సైకిలు ముందుభాగం గాల్లోకి లేచింది. అరిచాను. దిగింది. తొక్కాను.

కళ్ళంలోంచి గట్టెక్కే బాట దగ్గర వెనక్కి వెళ్ళాలంటే కుడికి తిరగాలి. "నాకు కుడికి రాదమ్మా!" అన్నాను. గౌరమ్మ నా కుడిభుజం పట్టుకుని, కొండ నించి దుంగని గుంజినట్టు గుంజింది. తిరిగాం. నా బతుకులో అది మొదటి కుడిమలుపు. తిప్పింది గౌరమ్మ.

దారంతా ఆవిడే తోలింది. "తిన్నగ! తిన్నగ బాబూ! ఏటికేసి పోతావేటి, నాకీత రాదు! మేక! మేకున్నాది! గంటకొట్టు! నువ్వు కొట్టకపోతే నాను అరుస్తాను!" అని నిజంగానే అరిచింది. నేను చెమటలు కక్కుతూ, "ఇంతమందికి పురుడు పోశారు కదమ్మా, మీకు భయమేమిటి?" అన్నాను. "అదేరే. అక్కడ దారెటో నాకు తెలుసు" అంది గౌరమ్మ.

పల్లె చేరాం. ఇంటి ముందుకి రాగానే ఆవిడ గభాల్న దూకి లోపలికి వెళ్ళిపోయింది. బరువు తగ్గేసరికి సైకిలు ఎగిరి ముందుకెళ్ళి గడ్డిమేటులో దూరింది. గడ్డిలో కూర్చుని నేను పైకి రాలేదు. అలాగే ఉండి లోపలి మాటలు విన్నాను. గౌరమ్మ గొంతు ఇప్పుడు నెమ్మదిగా ఉంది. "ఊఁ. అలాగే. నా తల్లివి కాదూ." చాలాసేపు. ఆ తరవాత ఒక చిన్న ఏడుపు. గడ్డి అంటుకున్న ఒంటితోనే లేచి బావ దగ్గరికి పరుగెత్తాను. బావ మంచం మీద కూర్చుని ముక్కు చీదుతున్నాడు.

"కాలు నొప్పిరా" అన్నాడు.

ఆడపిల్ల. తల్లీ పిల్లా బాగున్నారు. అత్తగారు బెల్లంముక్క మా నోళ్ళలో పెట్టింది. నా పేరు అడిగింది. సత్యనారాయణ అన్నాను. ఆవిడ మనసులో ఆ పేరుకి ఆడపేరు ఏమవుతుందా అని చూసుకుని, "బాగుణ్ణు గాని, మా అమ్మ పేరెడదామనుకుంటన్నాం" అంది.

కాసేపటికి గౌరమ్మ చేతులు కడుక్కుని బయటికొచ్చింది. ఆవిణ్ణి ఇంటిదగ్గర దింపడం నా ధర్మం. సైకిలు గడ్డిలోంచి లాగి పొత్రం దగ్గర నిలబెట్టి, "రండమ్మా" అన్నాను.

గౌరమ్మ సైకిలు వంక చూసింది. నా వంక చూసింది.

"నువ్వు సేసినాది సిన్న పని కాదు బాబూ. నీ పిల్లలు సల్లగుండాలి" అంది. "నాను నడిసెల్తాను."

ఇల్లు

బావని సంతనించి తిరిగొచ్చిన ఎడ్లబండి మీద శ్రీకాకుళం చేర్చారు. నేను బండి వెనక సైకిలు తొక్కాను. మడమ మానేదాకా అతను షాపు ముందు మంచం మీద కూర్చుని, కర్రతో చూపిస్తూ, నాకు దిగడం నేర్పాడు. ఒకటో తారీఖున ఉద్యోగంలో చేరాను. ఇప్పుడు నెలకి ముప్పై పల్లెలూ తిరుగుతున్నాను. కుడికి కూడా తిరుగుతాను, కొంచెం ముందుగా చెప్పాలి.

ఈ యాత్ర చదివినవాళ్ళు నన్ను ఒక్కటి అడగొచ్చు. నది గట్టున మూడు రోజులు తిరిగావు, నది ఎలా ఉందో ఒక్క ముక్కయినా రాయలేదేమని. నిజం చెబుతున్నాను, నేను నదిని చూళ్ళేదు. ముందుచక్రాన్నే చూశాను. పక్కకి చూస్తే సైకిలు అటే పోతుంది.

ఈ మాట ఇంట్లో చెబితే కామేశ్వరి నవ్వింది. ఈ ఊరొచ్చి ఆరేళ్ళయినా తను కూడా రేవు దగ్గర కనిపించినంత నదే చూశానని చెప్పింది. ఆరేళ్ళలో తను నన్ను నోరు తెరిచి అడిగింది చాలా తక్కువ. ఆ ఆదివారం పొద్దున్నే తలంటుకుని, వీధి అరుగు మీదికి వచ్చి, "నన్ను కూచోబెట్టుకుని ఒకసారి గట్టు మీద తిప్పుతారా?" అంది.

కూర్చోబెట్టుకున్నాను. ఊరు దాటాం. గట్టెక్కాం. పిడకలవాళ్ళు నన్ను గుర్తుపట్టి ముందే పిడకలు తీసేసుకున్నారు. కాసేపటికి వెనకనించి, "అబ్బ! ఇన్ని నీళ్ళున్నాయా!" అని వినిపించింది. నేను తల తిప్పబోయాను. సైకిలు ఊగింది.

"మీరు చూడకండి" అంది కామేశ్వరి, నా చొక్కా గట్టిగా పట్టుకుని. "మీరు తొక్కండి. నేను చెబుతాను. ఇసుక మధ్యలోంచి మూడు పాయలు వెళ్తున్నాయండీ. పెద్దదాంట్లో ఒక పడవ ఉంది. పడవలో ఒకాయన నిద్రపోతున్నాడు. ఒడ్డున తెల్లకొంగలు... ఉండండి లెక్కపెడతాను..."